బెంగళూరులో ఇంట్లోనే వేప్ ద్రవం కలుపుకోవడం ఎలా మొదలుపెట్టాలి?

మారతహళ్లి వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కాలేజీ రోజుల్లో అలవాటైన సిగరెట్టు ఇప్పుడు రోజుకు ఒక పెట్టె దాకా వచ్చింది. నిద్ర లేచిన అరగంటలోపు మొదటిది వెలిగించకపోతే ఏ పని మీదా మనసు నిలవడం లేదు. ఇంగ్లండులో ఉంటున్న మా బావగారు సిగరెట్టు మానేసి వేపింగ్‌కు, అంటే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్టులో ద్రవాన్ని వేడి చేసి ఆ ఆవిరిని పీల్చడానికి మారారు. దానికి కావలసిన ద్రవాన్ని కూడా ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, ఫ్లేవర్ కలిపి ఇంట్లోనే తయారు చేసుకుంటున్నారు. ఖర్చు తక్కువనీ, నికోటిన్ మోతాదును మనమే నెమ్మదిగా తగ్గించుకుంటూ పోవచ్చనీ ఆయన అంటారు. గ్లిజరిన్ మందుల షాపులో, ఫ్లేవర్లు కేకుల సామాను అమ్మే చోట ఇక్కడా దొరుకుతున్నాయి. నికోటిన్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చని ఒక మిత్రుడు చెప్పాడు. మాకు రెండేళ్ల పాప ఉంది కాబట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో జాగ్రత్తలతో సహా తెలిసినవారు చెప్పగలరు.

జయనగర్ న్యాయవాది:

మీరు ముందుగా చూసుకోవలసింది చట్టం. కర్ణాటక ప్రభుత్వం 2016లోనే ఈ-సిగరెట్లను నిషేధించింది. ఆ తరువాత 2019 సెప్టెంబరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, అదే ఏడాది డిసెంబరులో దాన్ని చట్టంగా మార్చింది. ఉత్పత్తి, తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నీ ఇందులో నిషిద్ధాలే. తయారీకి మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి. మళ్లీ పట్టుబడితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా పడతాయి. నిల్వకు ఆరు నెలల వరకు జైలు లేదా యాభై వేల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. నికోటిన్ లేకుండా ఫ్లేవర్ మాత్రమే పీల్చే పరికరాన్ని కూడా చట్టం ఈ-సిగరెట్టుగానే లెక్కిస్తుంది. పరికరం, దాని విడిభాగాలు, వాటికి అనుబంధంగా జరిగే ప్రక్రియలు అన్నీ తయారీ నిర్వచనంలోకి వస్తాయి కనుక, నా సొంతానికే కలుపుకున్నానన్న వాదన నిలుస్తుందన్న భరోసా మీకు ఎవరూ ఇవ్వలేరు. వాడకానికి విడిగా శిక్ష రాయలేదన్న మాట నిజమే. అయితే మీరు అడిగినది వాడకం గురించి కాదు, తయారీ గురించి. విదేశం నుంచి తెప్పించుకుంటే అది దిగుమతి అవుతుంది.

మందుల మనిషి:

నేను బీఫార్మసీ చదివి, చాలాకాలంగా ఔషధాల నాణ్యతా పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. చట్టం సంగతి పై మిత్రులు చెప్పారు కనుక నేను సీసాలలో ఉండే వస్తువుల గురించి చెబుతాను.

మీ మిత్రుడు చెబుతున్న నికోటిన్‌తోనే మొదలుపెడదాం. ఇంట్లో కలుపుకునేవారు వాడే గాఢ ద్రవంలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల నికోటిన్ కూడా ఉండవచ్చు. ఒక టీస్పూను అంటే ఐదు మిల్లీలీటర్లు, అందులో 500 మిల్లీగ్రాములు. పెద్దవారికే ప్రాణాపాయం కలిగించగల మోతాదు ఇది. పసిపిల్లలకు ఇందులో చిన్న భాగం చాలు. 2014లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ద్రవ నికోటిన్ లోపలికి వెళ్లి ఏడాది వయసు బిడ్డ చనిపోయాడు. రంగు లేని ఆ ద్రవం వంటింటి గట్టు మీద నీళ్ల సీసా పక్కన ఉంటే మనమే పోల్చుకోలేం, ఇక రెండేళ్ల పాపకు ఎలా తెలుస్తుంది? పైగా అది మింగితేనే ప్రమాదమని అనుకోకండి, చర్మం మీద పడినా లోపలికి ఇంకుతుంది.

ఇక గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్. ఇవి ఔషధాల తయారీకి పనికివచ్చే శుద్ధిలోనూ, పారిశ్రామిక అవసరాలకు వాడే రకంలోనూ దొరుకుతాయి. చూపుకు రెండూ ఒకేలా చిక్కగా, తేటగా ఉంటాయి. పారిశ్రామిక రకంలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసి ఉంటే అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 1986లో ముంబయిలో ఇలాంటి కల్తీ గ్లిజరిన్ వల్ల 14 మంది రోగులు చనిపోయారు. 2025లో తమిళనాడులో తయారైన దగ్గుమందు తాగి మధ్యప్రదేశ్‌లో పిల్లలు చనిపోయినప్పుడు పరీక్షలలో బయటపడినదీ ఈ విషమే. లైసెన్సు ఉన్న కర్మాగారంలోనే ఇలా జరుగుతున్నప్పుడు, లేబుల్ చూసి కొన్న సీసాను ఇంట్లో పరీక్షించే దారి మీకు ఏముంది?

కేకులలో వేసే ఫ్లేవర్ల విషయంలో చాలామంది పొరబడతారు. తినడానికి సురక్షితమన్న ముద్ర కడుపులోకి వెళ్లే వస్తువుకే వర్తిస్తుంది. కడుపుకు జీర్ణరసాలు, కాలేయం కాపలా ఉంటాయి, ఊపిరితిత్తులకు ఆ రక్షణ లేదు. వెన్న వాసననిచ్చే డైఎసిటైల్ తినుబండారాలలో మామూలుగా వాడేదే. అయినా అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులు దాని ఆవిరిని పీల్చి, సన్నని శ్వాసనాళాలు మూసుకుపోయే నయంకాని జబ్బు తెచ్చుకున్నారని 2000లో తేలింది. నూనె ఆధారిత ఫ్లేవర్లతో ఇంకో బెడద ఉంది, నూనె ఊపిరితిత్తులలో చేరితే న్యుమోనియా లాంటి వాపు వస్తుంది. 2019లో అమెరికాను వణికించిన వేపింగ్ జబ్బులో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఆ రోగులు పీల్చినవి ఎక్కువ భాగం గంజాయి సారం ఉన్న ద్రవాలే, వాటిలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ ముఖ్య కారణమని తేలింది. చర్మానికి రాసుకునే క్రీములలో, మింగే మాత్రలలో హాని చేయని పదార్థమది.

మీ బావగారి విషయం వేరు. బ్రిటన్‌లో నికోటిన్ ద్రవం మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, సీసా పది మిల్లీలీటర్లు దాటకూడదు, అమ్మే ముందు అందులో ఏమున్నదో ప్రభుత్వ సంస్థకు తెలపాలి. ఆయన కలుపుకుంటున్నది ఆ కట్టుదిట్టాల మధ్య. ఇక్కడ నిషేధం వల్ల ఇవేవీ లేవు, చాటుగా వచ్చే సీసాకు ఎవరూ బాధ్యులు కారు.

కందుకూరు నుంచి:

చర్మం ద్వారా నికోటిన్ ఇంకడం గురించి పైన చదివాక రాయాలనిపించింది. మాది పొగాకు పండించే కుటుంబం, మా ఊరి చుట్టూ ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లే. పొద్దున్నే మంచు తడి ఆరకముందు ఆకు కోసేవారికి, ఒక్క సిగరెట్టూ తాగకపోయినా, తల తిరిగి వాంతులవడం మా దగ్గర అందరికీ తెలుసు. ఆకు జిగురు చేతులకు నల్లగా అంటుకుని సబ్బుకు కూడా ఓ పట్టాన వదలదు. పచ్చి ఆకు తడి తగిలితేనే అలా అవుతుంటే, గాఢ ద్రవాన్ని ఇంట్లో కలుపుతాననడం నాకు భయం కలిగిస్తోంది. తమ్ముడూ, పాప ఉన్న ఇంట్లో ఆ పని చేయవద్దు.

మారతహళ్లి వాసి:

అందరికీ ధన్యవాదాలు. కలుపుకునే ఆలోచన మానుకున్నాను. కానీ సిగరెట్టు సంగతి అలాగే ఉంది. ఇంతకుముందు నికోటిన్ గమ్ వాడి చూశాను. గొంతు మండి, ఎక్కిళ్లు వచ్చి వదిలేశాను.

మందుల మనిషి:

మీరు దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లాగా ఆపకుండా నమిలి ఉంటారు. అలా చేస్తే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది, మంటా ఎక్కిళ్లూ అందుకే వస్తాయి. నెమ్మదిగా నాలుగైదుసార్లు నమలండి. నాలుకకు మిరియాల ఘాటు తగలగానే ఆపి, గమ్‌ను బుగ్గకూ పంటి చిగుళ్లకూ మధ్య పెట్టుకోండి. ఘాటు తగ్గాక మళ్లీ కొద్దిగా నమిలి, ఈసారి రెండో వైపు పెట్టండి. ఒక ముక్కను ఇలా అరగంట వాడవచ్చు. కాఫీ, టీ, శీతల పానీయాల పులుపు నికోటిన్‌ను ఇంకనివ్వదు కనుక, గమ్‌కు పదిహేను నిమిషాల ముందు నుంచి అవి తాగవద్దు. బెంగళూరులో ఫిల్టర్ కాఫీ చేత పట్టుకునే గమ్ నోట్లో వేసుకునేవారు చాలామంది, అది పనిచేయడం లేదని వాళ్లు అనుకోవడానికి సగం కారణం ఇదే.

నిద్ర లేచిన అరగంటలోపు సిగరెట్టు కావాలంటున్నారు కనుక మీకు రెండు మిల్లీగ్రాముల గమ్ సరిపోకపోవచ్చు. నాలుగు మిల్లీగ్రాములది కానీ, గమ్‌తో పాటు చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ కానీ వాడాలా అన్నది వైద్యులే నిర్ణయించాలి. వెరెనిక్లిన్, బుప్రోపియాన్ వంటి మాత్రలు కూడా ఉన్నాయి, అవి వైద్యుల చీటీ మీదనే ఇస్తారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పొగాకు మాన్పించే విభాగం ఉంది. పొగాకు మానేవారికి ఫోన్‌లో సలహాలిచ్చే జాతీయ క్విట్‌లైన్ 1800 112 356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. దక్షిణాది భాషల కేంద్రం నిమ్హాన్స్‌లోనే ఉంది కాబట్టి తెలుగులోనే మాట్లాడవచ్చు. వాడేసిన గమ్‌లో కూడా నికోటిన్ మిగిలి ఉంటుంది, కాగితంలో చుట్టి పాప చేతికి అందని చెత్తబుట్టలో వేయండి.