పూడిపోయిన పాత మిల్లు పునాదులను పైనుంచి గుర్తించడం ఎలా?

గుంటూరు దగ్గర మా ఊళ్లో ఒకప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లు ఉండేదని పెద్దలు చెబుతారు. ఇప్పుడక్కడ మొక్కజొన్న వేస్తున్నారు. తవ్వకుండానే దాని పునాదులు, బాయిలర్ గది ఎక్కడున్నాయో తెలుసుకోవాలని నాకు చాలా ఆశగా ఉంది. అడుగున ఇటుక గోడ ఉన్నచోట తేమ చాలక పైరు ముందే పసుపెక్కుతుందట. కానీ యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు, గోడ ఏం కనిపిస్తుంది! 1960-72 మధ్య తీసిన అమెరికా ‘కరోనా’ గూఢచారి ఉపగ్రహ చిత్రాలు నయమా? డ్రోన్ అయితే ఏ నెలలో ఎగరేయాలి?

మాది నల్లరేగడి. నేలలోకి తరంగాలు పంపి చూసే రాడార్ తడి బంకమట్టిలో లోతుకు పోదు కాబట్టి, కాలిన ఇటుకను దాని అయస్కాంతత్వాన్ని బట్టి పసిగట్టే మాగ్నెటోమీటరే మేలనిపిస్తోంది. ఇలాంటి నేలలో వాడినవాళ్లుంటే దయచేసి చెప్పండి. వేసవిలో పొలం చదును చేయిస్తామని రైతు అంటున్నారు, అదే టెన్షన్.