పాత జిప్సీకి క్రూయిజ్ కంట్రోల్: స్పీడు సిగ్నల్ యాడ నుంచి తేవాల?

కావలి జిప్సీ:
అన్నలూ, నాది ఎంపీఎఫ్ఐ జిప్సీ కింగ్. రొయ్యల చెరువుల సామాను కోసం వారం వారం మద్రాసు పోయొస్తా. కావలి దాటితే నాయుడుపేట దాకా అదే 80లో కాలు బిగబట్టుకోని కూచోవాల, కుడి మోకాలు పట్టేస్తా ఉండాది. మొన్న మద్రాసు పుదుప్పేట పాత సామాన్ల బజార్లో ఒక పాత జపాన్ కారుది క్రూయిజ్ సెట్టు దొరికింది, కాలు పెట్టకుండానే స్పీడు నిలబెట్టేది. వ్యాక్యూమ్‌తో థ్రాటిల్ లాగే డయాఫ్రం డబ్బా, కేబులు, కంట్రోల్ డబ్బా, స్టీరింగ్ పక్కన పెట్టే కాడ, అన్నీ ఉండాయి. వైర్లు జానెడు పొడుగు వదిలి కోసిచ్చినాడు, అదొకటి మేలు. నా బండి స్పీడోమీటరు ఉత్త కేబులుతో తిరిగేది, సిగ్నల్ వైరే లేదు. డబ్బాకు కావాల్సిన వ్యాక్యూమ్‌ను బ్రేక్ బూస్టర్ పైపు నుంచి తీసుకోవచ్చా?

కందుకూరు ట్రాక్టరు:
ఇంత రామాయణం ఎందుకబ్బా. మా ట్రాక్టరుకు హ్యాండ్ యాక్సిలేటరు ఉండాది, ఒకసారి పెడితే దుక్కి అయిందాకా అదే స్పీడు. సైకిలు బ్రేకు వైరొకటి లాగి డ్యాష్‌బోర్డుకు లివరు బిగించుకో. పాత జీపులకు కూడా ఉండేది అది.

ఒంగోలు వైరింగు:
పెద్దాయనా, ట్రాక్టరుకు పంపులో గవర్నర్ ఉంటుంది. లివరుతో మీరు పెట్టేది ఇంజను ఎన్ని చుట్లు తిరగాలో. బరువు పడితే డీజిలు అదే పెంచుకుంటుంది. పెట్రోలు జిప్సీకి ఆ ఏర్పాటు లేదు. వైరు లాగితే థ్రాటిల్, అంటే ఇంజనుకు గాలి వదిలే తలుపు, అంత మేర తెరుచుకోని అట్నే ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు 65కు పడిపోయి, దిగేటప్పుడు 95కు పోతుంది. ముందర లారీ బ్రేకేస్తే మీరు లివరు వెతుక్కోవాల. తమ్ముడూ, అది మాత్రం చెయ్యబాక.

ఇంక నీ సంగతి. ముందు ఆ డయాఫ్రం డబ్బా బతికుండాదో లేదో చూడు. రబ్బరు పాతబడితే చిట్లుతుంది. పైపు నోట్లో పెట్టుకోని గట్టిగా పీల్చి నాలుకతో మూసిపెట్టు. కేబులు లోపలికి పోయి కదలకుండా ఉంటే మంచిదే. మెల్లగా వదిలేస్తా ఉంటే బండికి బిగించకముందే పుదుప్పేటకు తిరుగు. వాల్వులు దాంట్లోనే ఉండే రకమైతే వాటికి కరెంటు ఇచ్చి చూడాల, లేకుంటే గాలి పట్టదు.

వ్యాక్యూమ్ ఇంజను గాలి పీల్చుకునే మానిఫోల్డు దగ్గరే తియ్యి. బూస్టర్ పైపులో ఒన్‌వే వాల్వు ఉంటుంది గదా, దానికి ఇంజను వైపు టీ జాయింటు పెట్టు. బూస్టర్ వైపు పెట్టావంటే నీ పాత డబ్బా చిట్లిన రోజు బ్రేకు గట్టిపడిపోతుంది. ఐడిల్‌లో పాదరసం లెక్కలో 18 నుంచి 20 అంగుళాల వ్యాక్యూమ్ వస్తుంది గానీ, లోడు మీద కాలు తొక్కితే చాలా పడిపోతుంది. అందుకే చిన్న వ్యాక్యూమ్ ట్యాంకు, దానికి సొంత ఒన్‌వే వాల్వు పెడతారు. కావలి నాయుడుపేట మధ్య కొండలేం లేవు, ట్యాంకు లేకపోయినా నడుస్తుంది. అయినా పెట్టుకోవడమే మేలు.

సిగ్నల్‌కు వెనక ప్రొపెల్లర్ షాఫ్టుకు అయస్కాంతం కట్టి, ఎదురుగా ఛాసిస్‌కు హాల్ సెన్సార్ బిగించు, అయస్కాంతం ఎదురొచ్చినప్పుడల్లా అది ఒక పల్సు ఇస్తుంది. జపాన్ స్పీడోమీటరు కేబులు కిలోమీటరుకు 637 చుట్లు తిరుగుతుంది, చుట్టుకు నాలుగు పల్సులంటే 2548. నీ సెట్టు సుమారుగా అదే అడుగుతుంది. షాఫ్టు మీద సుద్దతో గీత గీసి, టైరు ఒక చుట్టు తిరిగేదాకా బండిని తోసి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కెట్టు. దాన్ని టైరు కిలోమీటరుకు తిరిగే చుట్లతో గుణిస్తే ఒక్క అయస్కాంతానికి ఎన్ని పల్సులొస్తాయో తెలుస్తుంది. లెక్క అచ్చంగా కలవకపోయినా భయపడబాక. పట్టే స్పీడు అదే, పల్సు వేగాన్ని పట్టుకోని ఉంటుంది గాబట్టి. పల్సులు తక్కువొస్తే, కనీసం 40 ఉంటేనే పట్టే సెట్టు నీ బండిలో 50 దాటాక పడుతుంది, అంతే తేడా. అయస్కాంతాన్ని మాత్రం స్టీలు బ్యాండుతో కట్టు, ఉత్త గమ్ము చాలదు. ఒకటే కడితే ఎదురుగా అంతే బరువు పెట్టు, లేకుంటే షాఫ్టు ఊగుతుంది.

బ్రేకు తొక్కితే వదిలేసే దారి రెండు రకాలుగా ఉండాల. ఒకటి స్టాప్‌ లైటు స్విచ్ నుంచి కరెంటు. రెండోది పెడల్ దగ్గర గాలి వాల్వు, కరెంటుతో పనిలేకుండా డబ్బాలోకి గాలి వదిలేస్తుంది. ఆ వాల్వు తేలేదంటే మళ్లీ పో, అది లేకుండా నేనైతే బండి కదిలించను. క్లచ్చికి కూడా స్విచ్ పెట్టు, గేరు తీసినప్పుడు ఇంజను ఊరకే అరవకుండా. థ్రాటిల్‌కు రెండో స్ప్రింగు వెయ్యి. కేబులుకు, థ్రాటిల్‌కు మధ్య చిన్న గొలుసు రానీ, కాలితో తొక్కినప్పుడు క్రూయిజ్ కేబులు అడ్డం రాకుండా. కాలు తీసినప్పుడు గొలుసు కొంచెం వదులుగా ఉంటే చాలు.

ఉదయగిరి రాళ్లు:
అన్నా, ఇంకో మాట. నా బండికి అన్నీ చేసినాక కూడా క్రూయిజ్ పట్టనే లేదు. వెనక లైట్లు ఎల్‌ఈడీలు. కొన్ని సెట్లకు స్టాప్ లైటు బల్బు ఫిలమెంటు గుండా ఎర్త్ కనపడాల. పాత బల్బొకటి వేసినాక పట్టింది.

కావలి జిప్సీ:
నావీ ఎల్‌ఈడీలే అన్నా! ఇంతకీ డయాఫ్రం డబ్బా యాడ బిగిస్తే బాగుంటుంది? చెరువు గట్ల మీద తిరుగుతా, వానాకాలం నీళ్లలో కూడా దిగుతా.

ఒంగోలు వైరింగు:
ఫైర్‌వాల్ మీద, అంటే ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకు మీద, బ్యాటరీ ఎత్తుకు, నోరు కిందికి చూసేట్టు. కేబులు వంపు పెద్దదిగా రానీ. కంట్రోల్ డబ్బా మటుకు లోపల, గ్లోవ్ బాక్స్ వెనక. మెయిన్ స్విచ్ చేతికి అందే చోట పెట్టి, కరెంటు ఇగ్నిషన్ గుండా, ఫ్యూజు వేసి తియ్యి.