హార్మోనిక్స్: వీణలో, ఫిజిక్స్‌లో, లెక్కల్లో ఒకటేనా?

మద్దిలపాలెం_అమ్మ: పాప ఇంటర్ సెకండియర్, వీణ కూడా నేర్చుకుంటోంది. ఫిజిక్స్‌లో అనుస్వరాలు (మూల కంపనానికి 2, 3, 4 రెట్లలో ఉండే కంపనాలు), లెక్కల్లో హరాత్మక శ్రేఢి (1, 1/2, 1/3 లాంటి వరస). రెండింటికీ ఇంగ్లీషులో హార్మోనిక్ అనే అంటున్నారు. సంబంధం ఉందా?

పెందుర్తి_తంబురా: తంబురాలో మంద్ర షడ్జం (కింది స) తీగ మీటి వినమనండి. ఎవరూ మీటని అంతర గాంధారం (గ) పలుకుతుంది. ఆ తీగ ఐదు భాగాలుగా కూడా ఊగుతుంది మరి, అదే ఐదో అనుస్వరం. జీవాళి దారం (గుర్రం మీద తీగ కింద పెట్టేది) సరిగ్గా జరిపితేనే బాగా తేలుతుంది. శ్రుతిపెట్టె కొన్నాక మా పిల్లలు తంబురా ముట్టడమే మానేశారు, అదే నా బాధ.

గాజువాక_ఎలక్ట్రీషియన్: హార్మోనిక్స్ అంటే మాకు టెన్షన్. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి మూడు రెట్లుండే మూడో హార్మోనిక్ 150. మూడు ఫేజుల్లో లోడు సమంగా ఉంటే న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్లే వైరులో) కరెంటు కొట్టేసుకుపోవాలి. ఈ మూడోది కొట్టేసుకోదు, మూడింటిదీ కలుస్తుంది. దీన్ని పుట్టించే కంప్యూటర్లు నిండిన బిల్డింగ్‌లో న్యూట్రల్ కాలిపోవడం కళ్లారా చూశాను.

పెందుర్తి_తంబురా: వీణ గురించి అడిగితే వైర్లెందుకండీ?

గాజువాక_ఎలక్ట్రీషియన్: ఫిజిక్స్ అని కూడా అడిగారు, చదవండి. 30 ఏళ్ల సర్వీసు నాది.

ఇంటర్_బైపీసీ: అతిస్వరం (ఓవర్‌టోన్) అంటే మూల స్వరం పైన పలికేది. మొదటి అతిస్వరం అంటే రెండో అనుస్వరం. ఇది తిరగేసి రాసి మార్కులు పోగొట్టుకున్నాను.

ట్యూషన్_సార్: తీగకే అది. ఒకవైపు మూసిన గొట్టంలో మొదటి అతిస్వరం మూడో అనుస్వరం. సగం చెప్పి పిల్లల్ని తప్పుదారి పట్టించకండి.

ఇంటర్_బైపీసీ: నేను చెప్పింది తీగ గురించే! ప్రశ్నలో వీణ కనబడలేదా?

మృదంగం_డాబాగార్డెన్స్: ప్రతి అతిస్వరమూ అనుస్వరం కాదు. మామూలు డప్పులో అవి పూర్ణాంక రెట్లలో ఉండవు. మృదంగం కుడి మూత మీద నల్లటి పూతే వాటిని దాదాపు ఆ వరసలోకి తెస్తుంది. 1920లో ఈ సంగతి రాసింది మన విశాఖలో చదువుకున్న సి.వి. రామనే.

ట్యూషన్_సార్: ఇది ఒప్పుకుంటాను.

మద్దిలపాలెం_అమ్మ: లెక్కల సంగతి ఎవరూ చెప్పలేదు.

ట్యూషన్_సార్: తీగ పొడవు 1 అయితే షడ్జం, 1/2 అయితే పై షడ్జం. ఆ రెంటి హరాత్మక మధ్యమం (మ స్వరం కాదు, హార్మోనిక్ సగటు) 2/3, అక్కడ పంచమం. 1, 1/2, 1/3 వరసకు హార్మోనిక్ అనే పేరు తీగ నుంచే వచ్చింది. వాటిని కూడుతూ పోతే మొత్తానికి హద్దుండదు, కానీ 10 దాటడానికే 12,367 పదాలు కావాలి.

మద్దిలపాలెం_అమ్మ: పాప సంగీతం క్లాసులో తంబురా మీటి చూసింది. గాంధారం వినిపించిందట. నాకు వినిపించలేదు.

పెందుర్తి_తంబురా: ఫ్యాన్ ఆపి మళ్లీ వినండమ్మా.