‘అధిశోషణం’: పీల్చుకోవడమా, అంటిపెట్టుకోవడమా?

మిత్రులకు నమస్కారం. తిరుపతిలో రసాయనశాస్త్రం బోధించే సోదరి ఒకరు నిన్న ఇక్కడ ఒక ప్రశ్న వేశారు. వేరుశనగ పొట్టు, మామిడి టెంక పొడి వంటివి నీటిలో కరిగి ఉన్న సీసం, కాడ్మియం అనే విషలోహాలను తొలగించే తీరును, అంటే అధిశోషణాన్ని, తెలుగులో రాసేటప్పుడు ‘పీల్చుకుంటాయి’ అనవచ్చా అని వారి సందేహం. అనకూడదని నా అభిప్రాయం.

స్పాంజి నీటిని పీల్చుకుంటే ఆ నీరు స్పాంజి లోపలంతా వ్యాపిస్తుంది, అది శోషణం. పొట్టు పొడి విషయంలో లోహ అయాన్లు (విద్యుదావేశమున్న లోహ కణాలు) దాని ఉపరితలం మీద, కంటికి కనబడని రంధ్రాల గోడల మీద మాత్రమే నిలుస్తాయి. మొక్కల పదార్థాలైన సెల్యులోజు, పెక్టిన్, లిగ్నిన్, టానిన్లలో ఉండే కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ అనే పరమాణు సమూహాలు వాటిని అక్కడ పట్టి ఉంచుతాయి. 1881లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త కైజర్ ఈ చర్యకు శోషణం (అబ్సార్ప్షన్) నుంచి వేరుచేసి అడ్సార్ప్షన్ అనే ప్రత్యేకమైన పేరును వాడుకలోకి తెచ్చాడు. మన పాఠ్యపుస్తకాలు ‘మీద’ అనే అర్థమిచ్చే ‘అధి’ చేర్చి అధిశోషణం అన్నాయి. ఉపసర్గ చక్కగా అమరింది గానీ, ‘శోషణ’ అన్నది శుష్ ధాతువు నుంచి వచ్చింది కనుక మాటలో ఎండిపోవడమనే ఛాయ మిగిలింది. శోష వచ్చి పడిపోయాడు అంటాం కదా, ఆ శోషే ఇది.

మరొక పొరపాటు ఇంతకంటే పెద్దది: తేరిన నీటిని శుద్ధమైన నీరు అనుకోవడం. మా అవ్వ వానాకాలంలో ఎర్రటి ఏటి నీళ్లు వచ్చినప్పుడు చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి, దాని మీద నీళ్లు పోసి ఉంచేది. కొంతసేపటికి మడ్డి అడుగుకు దిగి, పైనీరు తేరుకునేది. సంస్కృతంలో కతకమనే ఈ గింజకు ‘అంబుప్రసాదకం’ అన్న విశేషణం మనుస్మృతి 6వ అధ్యాయంలోనే ఉంది. మునగ గింజలూ ఇదే పని చేస్తాయి: వాటిలోని ధనావేశ ప్రోటీన్లు రుణావేశమున్న బంకమట్టి రేణువులను గుమిగూర్చి కిందికి దింపుతాయి. ఇది స్కందనం, అధిశోషణం కాదు. తేరిన నీటిలోనూ కరిగిన సీసం కంటికి కనబడకుండా ఉండగలదు. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటితే చాలు, అది ఆమోదయోగ్యం కాదు. కాబట్టి ‘తేటనీరు’ను ‘శుద్ధమైన నీరు’కు పర్యాయపదంగా రాయడం ప్రమాదకరం.

మరి వాడుకలో ఏమనాలి? శ్రీకాళహస్తి కలంకారీ పనిని దగ్గరగా చూసినవారికి ఒక మాట తోస్తుంది. కరక్కాయ రసం, పాలు కలిపి తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద, ఇనుప ముక్కలను బెల్లం నీటిలో నానబెట్టి తీసిన ద్రావణంతో గీత గీస్తే, కలం ముట్టిన చోటల్లా నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుమును పట్టుకున్నందువల్లే ఆ నలుపు. దీన్ని అచ్చంగా అధిశోషణమని నేను అనను. అయితే మొక్క నుంచి వచ్చిన పదార్థం లోహాన్ని పట్టుకోవడమంటే ఏమిటో కళ్లెదుట చూపించే ఉదాహరణ ఇది. ‘రంగు పట్టింది’ అన్న మాట అందరికీ తెలిసినదే. అయినా ‘పట్టు’ ఒక్కటే చాలదు, ఎందుకంటే తిన్నది ఒంటబట్టడంలోనూ అదే క్రియ ఉంది. ‘అంటిపెట్టుకొను’ అయితే ఉపరితలం స్ఫురిస్తుంది: సీసపు అయాన్లు పొట్టు పొడిని అంటిపెట్టుకుంటాయి. శాస్త్రగ్రంథాల్లో అధిశోషణం, అధిశోషకం (పట్టుకునేది), అధిశోషితం (పట్టుబడేది) యథాతథంగా ఉండాలి. వ్యాసాల్లో, ఊళ్లో చెప్పే మాటల్లో ఈ క్రియ రావాలి.

ఇదంతా పదాల పట్టింపే కదా అన్న ఒక మిత్రునికి, కాదని మనవి. పీల్చేసింది అంటే లోహం మాయమైనట్టు వినిపిస్తుంది. నిజానికి పొడి మీద చోటు నిండాక అది ఇంకేమీ పట్టుకోదు. నీటిలో ఆమ్లత్వం పెరిగితే హైడ్రోజన్ అయాన్లు ఆ చోట్లకు పోటీ పడి, పట్టిన సీసాన్ని తిరిగి నీటిలోకి వదిలిస్తాయి. వాడిన పొడిని సజల ఆమ్లంతో కడిగి మళ్లీ పనికి తెచ్చేది ఈ గుణం వల్లనే. అందుకే ఆ పొడిని పెంటదిబ్బలో పారేయవద్దని కూడా అదే పాఠంలో రాయమని సోదరిని కోరుతున్నాను.