తాటిపూడికి అమ్మను ఎలా తీసుకువెళ్లాలి?

మాది కొరాపుట్. వచ్చే నెల విశాఖలో చెల్లి ఇంట్లో నాలుగు రోజులుంటాం. బీచ్‌లో జనం, హారన్ల మోత అమ్మకు పడవు. కిందటిసారి చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. అందుకే గోస్తనీ నది మీది తాటిపూడి జలాశయం చూపిద్దామని ఉంది. (ఇంటి దగ్గర కొలాబ్ జలాశయం ఉండగా నీళ్లు చూడటానికి అంత దూరమా అని మా బావ వెక్కిరింత, అది వేరే సంగతి.)

విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కి శృంగవరపుకోటలో దిగితే, అక్కడి నుంచి ఆటోలు దొరుకుతాయా? తిరుగు ప్రయాణానికి అదే ఆటోను ఆపుకోవాలా? అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేదు. గట్టు దాకా బండి వెళ్తుందా? బోటు షికారు ఇప్పుడు నడుస్తోందా? ఈ మధ్య వెళ్లినవారు దయచేసి చెప్పండి. పులిహోర క్యారేజీ మేమే తెచ్చుకుంటాం, నీడన కూర్చునే చోటుంటే చాలు.