హాబీ సీఎన్‌సీకి ఏ సిస్టమ్ తీసుకోవాలి, ఏ సాఫ్ట్‌వేర్? బడ్జెట్ 60 వేలు, బెంగళూరు

టేకుముక్క:
అందరికీ నమస్తే. మేం రామమూర్తినగర్‌లో ఉంటాం, మేడ మీద రేకుల షెడ్డులో చిన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కని చెక్కే మెషిన్) పెట్టుకున్నా. బెడ్ 600 బై 900 మిల్లీమీటర్లు, కంట్రోలర్‌లో ఉన్న ప్రోగ్రామ్ జీఆర్‌బీఎల్, స్పిండిల్ (బిట్‌ని తిప్పే మోటార్) ఒకటిన్నర కిలోవాట్‌ది, దాని స్పీడు మార్చే వీఎఫ్‌డీతో నడుస్తుంది. చేసేవి ఇంటి పేరు బోర్డులు, పూజగది తలుపులకి జాలీలు, అప్పుడప్పుడు అక్రిలిక్ ముక్కలు, అంతే. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు, ఇంట్లో ఉన్న పాతది 4 జీబీ ర్యామ్, విండోస్ 10, అందులో ఫ్యూజన్ (డిజైన్ సాఫ్ట్‌వేర్) తెరిచామంటే కాఫీ పెట్టుకుని తాగేసి కప్పు కడిగి రావచ్చు. ఎస్పీ రోడ్డులో ఒక షాపులో అడిగితే గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు లేకపోతే డిజైన్ పని అసలు కాదని చెప్పి లక్ష దాటించి కొటేషన్ చేతిలో పెట్టాడు. నిజంగా అంత కావాలా? సాఫ్ట్‌వేర్‌కి కూడా ఇందులోనే మిగలాలి. ఇంకోటి, తెలుగు బోర్డులు చేయాలని ఉంది కానీ టైప్ చేస్తే వత్తులన్నీ విడిపోయి పక్కన పడుతున్నాయి, దానికేమైనా దారి ఉంటే చెప్పండి.

పీణ్యా షిఫ్ట్:
బ్రో ముందు ఆ కొటేషన్ చించి అవతల పడేయ్. నేను పీణ్యాలో వీఎంసీలకి, అంటే ఫ్యాక్టరీల్లోని పెద్ద సీఎన్‌సీ మెషిన్లకి ప్రోగ్రామింగ్ చేస్తా, మా దగ్గర కూడా మామూలు జాబులకి అంత కార్డు ఎవరూ వాడరు. నువ్వు ఒకే సిస్టమ్‌తో రెండు పనులు చేయిద్దామనుకుంటున్నావు, అక్కడే ఖర్చు పెరుగుతోంది. డిజైన్ చేసేది ఇంట్లో ఉండాలి, మెషిన్‌ని నడిపేది షెడ్డులో ఉండాలి.

షెడ్డులోదానికి నీ పాత ల్యాప్‌టాపే ఎక్కువ. జీఆర్‌బీఎల్‌లో మోటార్లని కదిపే కరెంటు పల్సులు తయారుచేసేది కంట్రోలర్ బోర్డులోని చిప్పు, కంప్యూటర్ జీకోడ్ (ఎటు కదలాలో చెప్పే ఆదేశాలు) లైన్లు ఒకదాని వెనక ఒకటి అందిస్తుందంతే, ఆ పనికి 4 జీబీ ఏంటి 2 జీబీ ఉన్నా నడుస్తుంది. యూనివర్సల్ జీకోడ్ సెండర్ వేసుకో, ఫ్రీ, లినక్స్ మీద కూడా నడుస్తుంది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్‌లోనే ఆగిపోయింది కదా, దాన్ని తీసేసి లినక్స్ మింట్ వేసేయ్, బోర్డు చెక్కుతుండగా మధ్యలో అప్‌డేట్ వచ్చి రీస్టార్ట్ అయ్యే బాధ కూడా ఉండదు. స్లీప్ మాత్రం గుర్తుపెట్టుకుని ఆఫ్ చేయి.

ఇంట్లోకి రీఫర్బిష్డ్ ఆఫీస్ డెస్క్‌టాప్ చూడు, ఇంటెల్ 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతది, అంతకంటే పాతదైతే విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. ర్యామ్ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి, మానిటర్ మాత్రం కాస్త పెద్దది తీసుకో. మోడలింగ్‌లో చాలా పని ఒక్క కోర్ మీదే పడుతుంది కాబట్టి కోర్ల లెక్క కంటే ఒక్కో కోర్ స్పీడు చూడాలి, షాపువాళ్ళు ఈ మాట చెప్పరు. పేరు బోర్డులకి, జాలీలకి లోపలున్న గ్రాఫిక్సే చాలు.

మాక్‌త్రీ మామ:
నేను నా మెషిన్ మాక్‌త్రీ (సీఎన్‌సీ నడిపే పాత విండోస్ సాఫ్ట్‌వేర్) మీదే నడుపుతున్నా, ప్యారలల్ పోర్టు ఉన్న పాత డెస్క్‌టాప్, 32 బిట్ విండోస్. రాయిలా ఉంది. కొత్త సిస్టమ్‌లు దేనికి?

పీణ్యా షిఫ్ట్:
మామా మీ మెషిన్ వేరు, ఈయన మెషిన్ వేరు. ప్యారలల్ పోర్టులో పల్సులు కంప్యూటరే తయారుచేయాలి, అందుకే మీకు ఆ పాత డెస్క్‌టాపే కావాలి, ల్యాప్‌టాప్ పెడితే పవర్ సేవింగ్ వల్ల పల్సు తడబడి మోటార్ స్టెప్పులు తప్పిపోతాయి. లినక్స్‌సీఎన్‌సీ (ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్) వాళ్ళు సిస్టమ్ ఖాయం చేసుకునే ముందు లేటెన్సీ టెస్ట్, అంటే కంప్యూటర్ ఎంత ఆలస్యం చేస్తుందో కొలిచే టెస్ట్ పెట్టుకోమనేది కూడా అందుకే. జీఆర్‌బీఎల్ వాడికి ఈ తలనొప్పే లేదు.

అంబత్తూరు పొట్టు:
చెన్నై నుంచి. సిస్టమ్ గురించి పీణ్యా అన్న చెప్పింది కరెక్టే, నేనూ రిచీ స్ట్రీట్‌లో అలాంటి డెస్క్‌టాపే తీసుకున్నా. సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం చెప్పాలి, ఫ్యూజన్ వెంట ఎందుకు పడుతున్నారండీ? ఫ్రీ పర్సనల్ లైసెన్స్‌లో ఎడిట్ చేయగల డాక్యుమెంట్లు ఒకేసారి 10కి మించి ఉండవు, ర్యాపిడ్ మూవ్‌లు కూడా తీసేశారు, అంటే బిట్ పైకి లేచి ఖాళీగా వెళ్ళేటప్పుడు కూడా కోసే స్పీడులోనే నడుస్తుంది. జాలీలో వంద కన్నాలుంటే మెషిన్ పక్కన నిలబడి ఆ నడక చూడండి, ఓపిక నశిస్తుంది. పైగా అది సొంత వాడకానికి ఇచ్చిన లైసెన్స్, బోర్డులు అమ్మడం మొదలుపెట్టేముందు షరతులు చదువుకోండి.

మీ పని అంతా పలక మీద గీసి లోతు ఇవ్వడమే, దానికి వీకార్వ్ లాంటి చెక్కుడు సాఫ్ట్‌వేర్ హాయిగా ఉంటుంది. నెలనెలా కట్టేది కాదు, ఒకసారి కొంటే ఆ వెర్షన్ మీదే. డెస్క్‌టాప్ ఎడిషన్‌లో జాబ్ సైజు 25 అంగుళాలకి పరిమితం, మీ బెడ్ పొడవు 900 కాబట్టి పెద్ద తలుపు వస్తే టైలింగ్‌తో ముక్కలుగా చేసుకోవాలి. ట్రయల్‌లో అన్నీ నొక్కి చూడొచ్చు కానీ సొంత డిజైన్‌కి టూల్‌పాత్ (బిట్ నడవాల్సిన దారి ఫైలు) బయటికి రాదు. అసలు డబ్బే పెట్టనంటే ఫ్రీక్యాడ్ ఉంది, 2024లో 1.0 వచ్చాక బాగా కుదురుకుంది, పాత మోడల్‌లో ఒక కొలత మారిస్తే మిగతాదంతా చెదిరిపోయే రోగం చాలావరకు తగ్గింది. నేర్చుకోవడానికి మాత్రం ఆదివారాలు కొన్ని అర్పించుకోవాలి.

గుడిసుత్తి:
తెలుగు అక్షరాల విషయం నేను చెప్తా, రోజూ ఇదే పని. క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో (డిజైన్ నుంచి టూల్‌పాత్ తయారుచేసేది) నేరుగా టైప్ చేయకండి, చాలావాటికి ఒత్తుని కింద పెట్టాలన్న జ్ఞానం లేదు. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేయండి, అందులో వత్తులు, గుణింతాలు సరిగ్గా కుదురుతాయి. తర్వాత ఆబ్జెక్ట్ టు పాత్ (అక్షరాలు గీతలుగా మారతాయి), దాని తర్వాత యూనియన్ (ముక్కలన్నీ ఒకటిగా కలుస్తాయి). ఈ రెండోది చాలామంది వదిలేస్తారు, అప్పుడు అక్షరం, దాని కొమ్ము ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట బిట్ లోపల కూడా గీత గీసి బోర్డు పాడుచేస్తుంది. యూనియన్ అయ్యాక ఎస్‌వీజీగా సేవ్ చేసి క్యామ్‌లోకి తీసుకోండి, లోపలికి వచ్చాక సైజు మిల్లీమీటర్లలో సరిగ్గా ఉందో లేదో ఒకసారి కొలుచుకోండి.

ఫాంట్‌కి రామభద్ర తీసుకోండి, గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ, లావుగా ఉంటుంది. మండలి లాంటి సన్నవి స్క్రీన్ మీద అందంగా ఉంటాయి గానీ 3.175 మిల్లీమీటర్ల ఎండ్‌మిల్ (మామూలు కోసే బిట్) వాటిలోకి దూరదు, లోపలి మూలలన్నీ 1.6 మిల్లీమీటర్ల గుండ్రం తిరిగిపోతాయి, 'శ్రీ'లో ఆ మెలికలు పూడుకుపోయి ఏదో ముద్దలా వస్తుంది. చిన్న అక్షరాలైతే 60 డిగ్రీల వీబిట్‌తో (కొన V ఆకారంలో ఉండే బిట్) వీకార్వింగ్ చేయండి, సన్నగా ఉన్నచోట దానంతటదే పైకి లేచి సన్నగా గీస్తుంది. ప్లైవుడ్ మీద వద్దు, పొర లేచిపోతుంది, టేకో ఎండీఎఫ్‌ఫో వాడండి.

టేకుముక్క:
అందరికీ చాలా థాంక్స్. యూనియన్ సంగతి ఇప్పుడే చేసి చూశా, మా ఇంటిపేరు ఒక్క ముక్కగా వచ్చింది! డెస్క్‌టాప్ శనివారం చూస్తా. ఇంకొక్క డౌట్, స్పిండిల్ ఆన్ చేసిన కాసేపటికి యూఎస్‌బీ డిస్కనెక్ట్ అయిపోతోంది, స్పిండిల్ లేకుండా గాలిలో తిప్పితే గంటైనా ఏం కాదు. ఇది ల్యాప్‌టాప్ లోపమా?

పీణ్యా షిఫ్ట్:
ల్యాప్‌టాప్‌ది కాదు, వీఎఫ్‌డీ నుంచి వచ్చే ఎలక్ట్రికల్ నాయిస్. స్పిండిల్ వైరు షీల్డెడ్ (చుట్టూ లోహపు అల్లిక ఉన్నది) ఉండాలి, ఆ షీల్డు వీఎఫ్‌డీ వైపు ఎర్త్‌కి కలపాలి, మెషిన్ ఫ్రేమ్‌కి కూడా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు, మేడ మీది షెడ్లలో ఎర్త్ పిన్ను ఉత్తదే ఉంటుంది చాలాసార్లు. యూఎస్‌బీ కేబుల్ ఫెరైట్ (నాయిస్ తగ్గించే నల్లటి గుండు) ఉన్నది, పొట్టిది తీసుకో, స్పిండిల్ వైరు పక్కన కట్టకు. 5 మీటర్లు దాటితే యూఎస్‌బీ ఎలాగూ నమ్మకం లేదు. అప్పటికీ పోతుంటే వైఫై ఉన్న ఈఎస్‌పీ32 కంట్రోలర్ బోర్డులో, జీఆర్‌బీఎల్ లాంటి ఫ్లూయిడ్‌ఎన్‌సీ వేసుకో, ఫైలు వైఫైలో బోర్డు ఎస్‌డీ కార్డుకి పంపేస్తే అక్కడి నుంచే నడుస్తుంది, షెడ్డులో ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. ముందు ఎర్త్ చూసి ఏమైందో ఇక్కడే రాయి.