రెండంతస్తుల డాబా మీద మొదటి హెచ్‌ఎఫ్ తీగ: ఇన్వర్టెడ్ వీ డైపోలా, ఎండ్ ఫెడ్ హాఫ్ వేవా?

గుంటూరు డాబా:
అందరికీ నమస్కారం. హ్యామ్ రేడియో (సరదాగా నడుపుకునే రేడియో) రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు చేతికొచ్చి రెండు నెలలైంది. ఇన్నాళ్లూ చేతిలో పట్టే చిన్న హ్యాండీతో రిపీటర్ (మన మాటను అందుకుని మళ్లీ పంపే కేంద్రం) మీదే మాట్లాడాను. ఈమధ్యే సెకండ్‌హ్యాండ్‌లో హెచ్‌ఎఫ్ (దూరాలకు పలికే షార్ట్‌వేవ్) సెట్ కొన్నాను. పవర్ 50 వాట్లకు తగ్గించి వాడతాను. కిటికీలోంచి పది మీటర్ల వైరు వేలాడదీసి వింటే 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) మీద సిగ్నల్ బలం చూపే మీటరు ఎస్9 దగ్గరే నిలబడిపోతోంది. మాటలు కాదు, హోరు.

మాది 30×40 అడుగుల స్థలంలో జీ ప్లస్ వన్. నైరుతి మూల మెట్ల గది, దాని మీద వాటర్ ట్యాంకు. నా రేడియో గది సరిగ్గా దాని కిందే. తూర్పు పక్కింటి పెరట్లో కొబ్బరిచెట్టు ఉంది, ట్యాంకు నుంచి 22 మీటర్లు. వాళ్లు తాడు కట్టుకోనిస్తామన్నారు. ఉత్తరాన వీధి, కరెంటు స్తంభాలు అవతలి పక్కన, మా పిట్టగోడకు 12 మీటర్ల దూరంలో.

ఒకాయన డైపోల్ (నడుమ కేబుల్ కలిపి రెండు వైపులా కాళ్లు చాచే తీగ) అంటాడు, ఇంకొకాయన ఎండ్ ఫెడ్ (ఒక కొసనే కేబుల్ కలిపే తీగ) అంటాడు. రెండూ కట్టే ఓపిక, డబ్బు లేవు. ఒక్కటే కట్టాలంటే ఏది?

ఓరుగల్లు:
మీ స్థలం చూస్తే అడగాల్సిన పనే లేదు బ్రదర్. ఎండ్ ఫెడ్. ట్యాంకు దగ్గర 49:1 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె, అక్కడి నుంచి కొబ్బరిచెట్టుకు 20 మీటర్ల తీగ. అక్కడి నుంచి సెట్‌కు కోయాక్సియల్ కేబుల్ ఏడు మీటర్లు చాలు. మధ్యలో స్తంభం అక్కర్లేదు, డాబా మీద బట్టలారేయడానికీ అడ్డం ఉండదు.

అసలు లాభం బ్యాండ్లలో ఉంది. 40 మీటర్లకు కోసిన తీగే 20, 15, 10 మీటర్లలో కూడా పలుకుతుంది. డైపోల్ 40కి కోస్తే 40, ఇంకా కిందామీదా పడితే 15. అంతే. సూర్యుడి మచ్చలు పెరిగి తగ్గే 25వ సైకిల్ గరిష్ఠ దశకు చేరిందని నాసా, అమెరికా వాతావరణ సంస్థ నోవా 2024 అక్టోబరులో ప్రకటించాయి. 10 మీటర్ల బ్యాండ్ ఇలా తెరుచుకునే కాలం పదకొండేళ్లకోసారి వస్తుంది. ఇలాంటప్పుడు కొత్త కుర్రాణ్ణి ఒకే బ్యాండ్‌కు కట్టేయడం అన్యాయం.

పాత తీగ:
తమ్ముడూ, ముందు హోరు సంగతి చూడు. నీ అసలు జబ్బు అదే. దాన్ని వదిలేసి బ్యాండ్లు లెక్కపెట్టుకుంటే ఉపయోగం లేదు.

ఏ యాంటెన్నాకైనా కరెంటు ఒక వైపు వెళ్తే రెండో వైపు తిరుగు దారి కావాలి. డైపోల్‌లో ఆ దారి కళ్ల ముందే ఉంటుంది, రెండో కాలు. ఎండ్ ఫెడ్‌కు రెండో కాలు లేదంటారు గానీ, లేకపోవడం కాదు, కనపడకపోవడం. నీ కేబుల్ పైపొర, అంటే అల్లిక, రెండో కాలవుతుంది. ఆ కేబుల్ ఎక్కడికి వస్తోంది? నేరుగా నీ గదిలోకి. గదిలో ఫోన్ ఛార్జర్, ఎల్‌ఈడీ బల్బు, సెట్‌టాప్ బాక్స్, ఇన్వర్టర్. వాటి చెత్తంతా ఆ పైపొర పట్టుకుని పైకెక్కి మళ్లీ నీ రిసీవర్‌లోకే దిగుతుంది. ఇప్పుడు కిటికీ వైరుతో నువ్వు వింటున్నది అదే.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంపెడెన్స్, అంటే కరెంటుకు తీగ చూపే అడ్డు, 2500 ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. 50 వాట్లకే అక్కడ దాదాపు 350 వోల్టులు. తిరుగు దారి సరిగా లేకపోతే మైకు పెదవికి తగిలినప్పుడు చురుక్కుమంటుంది. నాకు తగిలింది కాబట్టే చెబుతున్నాను.

ఇక స్థలం. డైపోల్ పొడవుకు 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించాలి. 143ని 7.1తో భాగిస్తే 20.14 మీటర్లు, ఒక్కో కాలు 10.07. నీ డాబా 30×40 అంటే మూల నుంచి మూలకు 50 అడుగులు, 15.24 మీటర్లు. మధ్యలో 6 మీటర్ల జీఐ పైపు నిలబెట్టి, మూలల్లో తీగను 2 మీటర్ల ఎత్తున కడితే కాలుకు 8.6 మీటర్లు పడుతుంది. పైన కోణం 125 డిగ్రీలు వస్తుంది, ఇన్వర్టెడ్ వీకి, అంటే కాళ్లు కిందికి వాలిన డైపోల్‌కు, చక్కటి కోణం. మిగిలిన మీటరున్నరను కిందికి వేలాడనివ్వకు. కొసల్లోనే వోల్టేజీ ఎక్కువ, పిల్లల చెయ్యి అందుతుంది. పిట్టగోడకు ఒక వెదురు బొంగు కట్టి, అదే ఎత్తున పక్కకు మళ్లించు. కొసల్లో కరెంటు తక్కువ కాబట్టి అలా వంచినా నష్టం కొంచెమే.

డాలస్ తెలుగు హ్యామ్:
పాత తీగ గారూ, మీ మాట మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. నేను మా వెనక పెరట్లో మూడేళ్లుగా ఎండ్ ఫెడ్ మీదే ఉన్నాను. ఇక్కడ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు స్తంభం కనిపిస్తే ఉత్తరం పంపిస్తారు. డిష్‌కు ఫెడరల్ రూల్ రక్షణ ఉంది గానీ హ్యామ్ యాంటెన్నాకు ఆ రూల్ వర్తించదు. అందుకే చూరు కింది నుంచి చెట్టుకు సన్నటి నల్ల తీగ లాగాను. జపాన్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా అన్నీ దాని మీదే పలికాయి. హోరు ఎస్3 దాటదు. మీరు చెప్పినంత భయం లేదు.

పాత తీగ:
మీ అనుభవం అబద్ధమని నేననను. కానీ ఎండ్ ఫెడ్ గురించి మనం చదివే సలహాల్లో చాలా భాగం మీలాంటి ఇళ్ల నుంచే వస్తాయి. మీది చెక్క చట్రం ఇల్లు, చుట్టూ పెరడు, కరెంటు తీగలు చాలాచోట్ల భూమిలో. ఇక్కడ స్లాబు నిండా ఇనప చువ్వల వల ఉంటుంది. స్లాబుకు రెండు మూడు మీటర్ల పైన తీగ లాగితే ఆ వల తీగ మీద ప్రభావం చూపుతుంది, ట్యూనింగ్ మారుతుంది, కొంత పవర్ అక్కడే వేడైపోతుంది. పైగా పక్కింటికీ మనకూ మధ్య సందు ఆరడుగులు. పది ఇళ్ల ఛార్జర్లు మన కేబుల్ పక్కనే. డాలస్‌లో ఎస్3 వచ్చిన తీగకు గుంటూరు బ్రాడీపేటలో ఎస్3 రాదు. ఇది తీగ తప్పు కాదు, ఇంటి తేడా.

ఓరుగల్లు:
మాస్టారూ, తిరుగు దారి గురించి మీరు చెప్పింది నిజం, కాదనను. కానీ దానికి మందు ఉంది కదా. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ బోల్టుకు రెండు మీటర్ల కౌంటర్‌పాయిజ్ వైరు, అంటే తిరుగు దారి వైరు, కట్టాలి. కేబుల్ గదిలోకి దిగే ముందు చోక్ (పైపొర మీద పారే కరెంటును ఆపే ఫెర్రైట్ రింగు చుట్ట) వేయాలి.

నా సంగతే చెబుతాను. హనుమకొండలో మూడో అంతస్తు. మొదట ఎండ్ ఫెడ్ కట్టినప్పుడు హోరు ఎస్8. ఒక రాత్రి ఇంట్లో మెయిన్ కట్టేసి, సెట్‌ను బ్యాటరీ మీద నడిపి, ఎంసీబీలు ఒక్కొక్కటీ వేసుకుంటూ పోయాను. హాలు ఎంసీబీ ఎత్తగానే గుర్రుమంది. సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ అది. దాన్ని మార్చాను. తర్వాత ఎఫ్‌టీ 240-31 ఫెర్రైట్ రింగు మీద ఆర్‌జీ 58 కేబుల్‌ను 12 చుట్లు చుట్టి గది గోడ బయట పెట్టాను. ఎస్8 కాస్తా ఎస్4కి దిగింది. ఆ వారంలోనే 10 మీటర్ల మీద ఇటలీ పలికింది. కాబట్టి ఎండ్ ఫెడ్‌ను వదిలెయ్యడం కాదు, పూర్తిగా కట్టడం నేర్చుకోవాలి.

పాత తీగ:
ఆ ఎంసీబీల పద్ధతి ప్రతి కొత్తవాడూ చెయ్యాలి. యాంటెన్నా ఏదైనా సరే, ముందు అది.

కానీ నువ్వే చూడు. ఎండ్ ఫెడ్‌ను సరిగా కట్టడానికి నీకు 49:1 కోసం ఒక 43 రకం రింగు, చోక్ కోసం ఒక 31 రకం రింగు, కౌంటర్‌పాయిజ్, ఇవన్నీ కావాల్సొచ్చాయి. ఆ రింగులు మన ఊళ్లో ఎలక్ట్రికల్ షాపులో దొరికేవి కావు. సగం దొరక్క ఏదో పాత టీవీ ఫెర్రైట్ చుట్టేస్తారు. ఎస్‌డబ్ల్యూఆర్ (సెట్‌కూ తీగకూ ఎంత జత కుదిరిందో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా కుదిరినట్టు) 1.5 చూపిస్తుంది, మనిషి సంతోషపడతాడు, పవర్ సగం రింగులో వేడవుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ బాగుందంటే తీగ పలుకుతోందని కాదు. పవర్‌నంతా వేడిగా మార్చే డమ్మీ లోడ్‌కు కూడా ఎస్‌డబ్ల్యూఆర్ 1 ఉంటుంది.

డైపోల్‌కు కావాల్సింది ఇంటి వైరింగ్‌కు వాడే ఒకటిన్నర స్క్వేర్ వైరు ఇరవై ఒక్క మీటర్లు, నైలాన్ తాడు, ఒక జంక్షన్ బాక్స్, కేబుల్. అందులో మోసం చేసే ముక్క ఏదీ లేదు. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో కనిపిస్తుంది. మొదటి యాంటెన్నా మనకు పాఠం కూడా చెప్పాలి.

కేబుల్ పొడవు గురించి కంగారొద్దు. మధ్య స్తంభం నుంచి గదికి 15 మీటర్ల ఆర్‌జీ 58 పడినా 7 మెగాహెర్ట్జ్‌లో పోయేది అర డెసిబెల్. అది ఎవరి చెవికీ ఆనదు. డబ్బు చాలకపోతే కేబుల్ టీవీ వాళ్ల ఆర్‌జీ 6 కూడా పనిచేస్తుంది. 75 ఓమ్‌లే గానీ డైపోల్‌కు అది పెద్ద తప్పేం కాదు. దాని అల్లిక అల్యూమినియం, టంకం పట్టదు. స్క్రూ కింద బిగించాలి, అంతే.

విశాఖ కెరటం:
ఇద్దరూ లాభనష్టాలు మాట్లాడుతున్నారు. నేను భద్రత గురించి అడుగుతాను. గుంటూరు డాబా గారూ, స్తంభాలు వీధి అవతల అన్నారు సరే, మీ ఇంటికి వచ్చే సర్వీసు వైరు ఏ మూల మీదుగా వస్తోంది?

మేం 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూశాం. ఆ రోజు కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. మా వీధిలో కొబ్బరిచెట్లు ఎటు పడాలని ఉంటే అటు పడ్డాయి. చెట్టుకు కట్టిన తీగ చెట్టుతోపాటే వెళ్తుంది. అది ఏ వైరు మీద పడుతుందో మనం ముందే ఆలోచించాలి. నా లెక్క ఒకటే: స్తంభం ఎటు కూలినా, తీగ ఎక్కడ తెగినా, దాని పూర్తి పొడవు కరెంటు వైరును అందుకోకూడదు. అందుకునేట్టయితే ఆ జాగా వద్దు, ఎంత బాగా పలికినా సరే.

కొబ్బరిచెట్టుకే కట్టాలనుకుంటే తాడును ముడేసి బిగించొద్దు. కప్పీ వేసి, తాడు రెండో కొసకు నీళ్లు నింపిన క్యాన్ కట్టండి. గాలికి చెట్టు ఊగినప్పుడు క్యాన్ పైకీ కిందికీ ఆడుతుంది, తీగ తెగదు. అలాగే ఉరుములు రాకముందే కేబుల్‌ను సెట్ నుంచి ఊడదీసి కిటికీ బయట పెట్టండి. వచ్చాక కాదు. అప్పుడు కేబుల్ ముట్టుకోవడమే ప్రమాదం.

నా ఓటు డైపోల్‌కే, కారణం మాత్రం వేరు. తుపాను తర్వాత మాట్లాడాల్సింది బ్రెజిల్‌తో కాదు. విశాఖ నుంచి విజయవాడతో, హైదరాబాద్‌తో. పది మీటర్ల ఎత్తున ఉన్న 40 మీటర్ల బ్యాండ్ తీగ తరంగాన్ని ఎక్కువగా నెత్తి మీదికి పంపుతుంది. అది పై నుంచి తిరిగొచ్చి అయిదారు వందల కిలోమీటర్ల లోపల వానలా పడుతుంది. మనకు ఆ రోజు కావాల్సింది అదే.

ఓరుగల్లు గారి బ్యాండ్ల బాధకు ఒక మార్గం ఉంది. ఒక్కో కాలును నడుమ నుంచి 5.03 మీటర్ల దగ్గర తెంపి, చిన్న ఇన్సులేటర్ పెట్టి, మీద మొసలి క్లిప్పుతో కలపండి. క్లిప్పు పెడితే 40 మీటర్లు, తీస్తే 20 మీటర్లు. మేడెక్కి దిగాలి, నిజమే.

ఓరుగల్లు:
మేడమ్, 40 మీటర్ల మీద ఎండ్ ఫెడ్ కూడా అదే ఎత్తులో ఉంటే నెత్తి మీదికే పంపుతుంది. అందులో డైపోల్ గొప్పేం లేదు. రెండూ సగం తరంగమే. కానీ తీగ పొడవూ, చెట్టూ, సర్వీసు వైరూ అన్నారు చూడండి, అక్కడ నేను ఆగిపోయాను. చెట్టు సంగతి నేను ఆలోచించలేదు.

గుంటూరు డాబా:
విశాఖ కెరటం గారూ, మీరడిగాక మేడెక్కి చూశాను. మా సర్వీసు వైరు భూమిలోంచే వస్తోంది. పక్కింటి వాళ్ల సర్వీసు వైరు మాత్రం కొబ్బరిచెట్టుకు నాలుగడుగుల్లోనే వెళ్తోంది. ఇన్నేళ్లుగా చూస్తున్నా అది నా కంట పడలేదు. చెట్టు ఆలోచన అక్కడితో మానేశాను.

ఆదివారం నైరుతి–ఈశాన్యం మూలల మధ్య ఇన్వర్టెడ్ వీ కట్టాం. ఈశాన్యం కొస నుంచి వీధి స్తంభాలకు 12 మీటర్లు, కాలు పొడవు 10.07. తెగి ఎగిరినా అందదు. నాన్న పైపు పట్టుకున్నారు, చెల్లి తాడు లాగింది.

నానోవీఎన్‌ఏ (తీగ ఏ ఫ్రీక్వెన్సీలో పలుకుతుందో చూపే చిన్న పరికరం) పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ గీతలో గుంట 6.93 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించింది. లెక్క తప్పానేమోనని గుండె జారింది.

పాత తీగ:
తప్పలేదు. ఆ 143 లెక్క తొడుగు లేని తీగకు. ఇంటి వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, అది తీగను కాస్త పొడవైనట్టు నడిపిస్తుంది. నీ తీగకు మొత్తం మీద 10 సెంటీమీటర్లు తగ్గిస్తే దాదాపు 35 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. నీకు 170 జరగాలి. అంటే ఒక్కో వైపు 24 సెంటీమీటర్లు. కోయకు. కొసను వెనక్కి మడిచి తీగ మీదే బిగుతుగా మెలిపెట్టు. ఎక్కువైతే విప్పుకోవచ్చు.

గుంటూరు డాబా:
అలాగే మెలిపెట్టాను మాస్టారూ. 7.09 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.3. అసలు సంగతి హోరు. ఎంసీబీలు ఒక్కొక్కటీ వేసి చూస్తే మా ఇంట్లో దొంగ ఫిష్ ట్యాంక్ లైటు. అది తీశాక, కొత్త తీగ మీద రాత్రి తొమ్మిదికి ఎస్4. పొద్దున పదకొండింటికి హైదరాబాద్ ఓఎం (తోటి హ్యామ్) ఒకాయన 5-9 (మాట స్పష్టం, సిగ్నల్ బలం) ఇచ్చారు, వెనకాలే నెల్లూరు, ఆ తర్వాత బళ్లారి. చెల్లి పక్కనే కూర్చుని లాగ్ పుస్తకం రాసింది. తనకూ పరీక్ష రాయాలని ఉందట.

ఓరుగల్లు:
అభినందనలు బ్రదర్. డైపోల్ గెలిచిందని నేను రాసివ్వను. మీ వీధికి అది కుదిరింది. వచ్చే నెల నాకు పని మీద గుంటూరు రావాలి. ఒక 43 రింగు తెస్తాను. 10 మీటర్ల బ్యాండ్‌కు పొట్టి ఎండ్ ఫెడ్ తీగ ఒకటి, ట్యాంకు నుంచి మెట్ల గది పక్కగా నిలువునా కడదాం. చెట్టు అక్కర్లేదు.

పాత తీగ:
10 మీటర్ల బ్యాండ్‌కు అయిదు మీటర్ల తీగ చాలు, నిలువుగా పడుతుంది, దానికి నాకూ అభ్యంతరం లేదు. చోక్ మాత్రం మర్చిపోకండి. వచ్చే శనివారం పొద్దున ఎనిమిదికి 7.090 దగ్గర వింటాను తమ్ముడూ, పిలువు. 73 (హ్యామ్‌ల శుభాకాంక్షలు).